సర్వర్ జవాబివ్వకపోతే రీస్టార్ట్ చేసే ముందు థ్రెడ్ డంపులు తీయండి

జావా సర్వర్ ప్రాసెస్ నడుస్తూనే ఉంది, సీపీయూ వాడకం దాదాపు లేదు, అయినా రిక్వెస్టులకు జవాబు రావడం లేదు. దాన్ని ఆపకుండా లోపల ఏం జరుగుతోందో చూడటం ఎలా అని అడిగారు. సరిగ్గా ఇదే ఇబ్బందితో మేము మూడు వారాలు గడిపాం. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ సర్వర్ కోలుకునేది, ఆధారాలు మాత్రం చెరిగిపోయేవి. నాలుగోసారి, రీస్టార్ట్ చేయబోతున్న సహోద్యోగిని ఒక్క నిమిషం ఆగమని బతిమాలి థ్రెడ్ డంపులు తీశాను. థ్రెడ్ డంప్ అంటే ప్రాసెస్‌లో నడుస్తున్న ఒక్కో థ్రెడ్ (పని వరుస) ఆ క్షణంలో కోడ్‌లో ఏ లైను దగ్గర ఉందో చూపే జాబితా.

ప్రాసెస్ ఏ యూజర్ పేరుతో నడుస్తోందో అదే యూజర్‌గా జేడీకే (జావా డెవలపర్ల పనిముట్ల కట్ట)లో ఉండే జేసీఎండీ (jcmd) కమాండ్‌కు ప్రాసెస్ నంబరు, ఆ తర్వాత థ్రెడ్.ప్రింట్ (Thread.print) ఇచ్చి, వచ్చినదాన్ని ఫైలులోకి మళ్లించండి. పది సెకన్ల ఎడంతో మూడుసార్లు తీయండి. దయచేసి ఒక్కదానితో సరిపెట్టుకోవద్దు. ఒక థ్రెడ్ ఒక లైను దగ్గర కనిపించినంత మాత్రాన అక్కడే ఇరుక్కుందని చెప్పలేం. మూడింటిలోనూ అదే లైను దగ్గర ఉంటే అనుమానించవచ్చు.

మాకు దారి చూపింది ఈ పోలికే. మా జావా వెబ్ సర్వర్ టామ్‌క్యాట్. అందులో మామూలుగా ఉండే 200 థ్రెడ్ల పరిమితినే మేమూ వాడుతున్నాం. దాదాపు అన్నీ డేటాబేస్ కనెక్షన్ కోసం ఎదురుచూస్తున్నాయి. మొదటి డంప్ చూడగానే అందరం డేటాబేస్‌నే తప్పుపట్టాం. కానీ ఒక పది థ్రెడ్లు మాత్రం మూడు డంపుల్లోనూ సాకెట్ రీడ్ (నెట్‌వర్క్ నుంచి డేటా రావడం కోసం ఆగే చోటు) దగ్గర కదలకుండా ఉన్నాయి. మా కనెక్షన్ పూల్ (థ్రెడ్లన్నీ పంచుకునే డేటాబేస్ కనెక్షన్ల నిల్వ) పరిమాణం కూడా పదే! వాటి స్టాక్‌లో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే వరుసలో) కిందికి చదువుకుంటూ వెళ్తే విషయం బయటపడింది: ఆ పదీ డేటాబేస్ కనెక్షన్‌ను వదలకుండానే బయటి సర్వీసు ఒకదాన్ని పిలిచి, జవాబు కోసం కాచుకుని ఉన్నాయి. ఆ పిలుపుకు టైమౌట్ (ఎంతసేపు ఆగాలో చెప్పే గడువు) పెట్టలేదు. టైమౌట్ పెట్టి, పిలుపును డేటాబేస్ కనెక్షన్‌ను పట్టుకుని ఉంచే ట్రాన్సాక్షన్ బయటికి తెచ్చాక సమస్య మళ్లీ రాలేదు.

సర్వర్‌లో జేడీకే పనిముట్లు లేకపోతే కిల్ -3 వాడవచ్చు. పేరు చూసి భయపడకండి, అది క్విట్ సిగ్నల్‌ను పంపుతుంది, జావా దాన్ని అందుకుని డంప్ రాసి తన పని తాను కొనసాగిస్తుంది. అయితే రెండు జాగ్రత్తలు తప్పనిసరి. డంప్ మీ తెర మీదికి రాదు, ఆ ప్రాసెస్ స్టాండర్డ్ అవుట్‌పుట్ ఎక్కడికి పోతుందో అక్కడ వెతకాలి. ఇక ప్రాసెస్ నంబరును రెండుసార్లు సరిచూసుకోండి: ఆ సిగ్నల్‌ను పట్టుకోని వేరే ప్రోగ్రాముకు పంపితే అది నిజంగానే చచ్చిపోతుంది. జావానే అయినా ఆ సిగ్నల్‌ను పట్టుకోవద్దని చెప్పే ఎక్స్ఆర్ఎస్ (-Xrs) ఆప్షన్‌తో మొదలుపెట్టి ఉంటే అదే గతి.

మీ విషయంలో సీపీయూ తక్కువే కాబట్టి ఇది అక్కర్లేదు కానీ, ఎక్కువగా ఉన్న రోజున టాప్ కమాండ్‌ను థ్రెడ్ల వారీగా చూడండి. అందులో థ్రెడ్ నంబరు 20481 అయితే, చాలా జావా వెర్షన్ల డంపులో అదే ఎన్‌ఐడీ (nid, ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే థ్రెడ్ నంబరు) దగ్గర హెక్సాలో (16 ఆధారంగా రాసే సంఖ్యల్లో) 5001గా ఉంటుంది.

హీప్ డంప్ (జావా ఆబ్జెక్టులుండే మెమరీ మొత్తాన్ని ఫైలుగా రాయడం) జోలికి మాత్రం వెంటనే వెళ్లకండి. రాస్తున్నంతసేపూ అప్లికేషన్ మొత్తం ఆగిపోతుంది, ఫైలు ఎన్నో గిగాబైట్లు ఉండి డిస్కును నింపేయవచ్చు. పైగా మెమరీలో ఉన్న పాస్‌వర్డులు, వినియోగదారుల వివరాలు అన్నీ అందులోకి వస్తాయి. అలాంటి ఫైలును ఎవరికీ ఈమెయిల్‌లో పంపవద్దు. థ్రెడ్ డంపులోనూ థ్రెడ్ల పేర్లలో వినియోగదారుల ఐడీలు దొర్లుతుంటాయి, ఇక్కడ పెట్టే ముందు వాటిని తీసేయండి. మూడు డంపులూ పెడితే కలిసి చదువుదాం.