ఎం-బుక్‌లో తప్పుడు కొలతలు: మా అమ్మాయి ఫిర్యాదు చేయవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజనీర్. గేట్ స్కోరుతో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలో చేరి పద్నాలుగు నెలలైంది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. రోడ్డు పనిలో వేస్తున్న తారు పొర మందం ఒకటైతే, ఎం-బుక్‌లో (పని కొలతలు నమోదు చేసే పుస్తకంలో) రాసి బిల్లు పెడుతున్నది మరొకటని చెబుతోంది. ఢిల్లీకి ఫిర్యాదు రాస్తానంటోంది. ఎడ్యుకేషన్ లోన్ ఇంకా తీరలేదు, సంబంధాలు కూడా చూస్తున్నాం. వద్దని చెప్పాలా? రాజీనామా చేయించి వేరే పరీక్షలు రాయించాలా?
- ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

సమాధానం: ముందు ఒక్క విషయం అడిగి తెలుసుకోండి. ఆ ఎం-బుక్‌లో మీ అమ్మాయి సంతకం ఉందా? కొలతలు రాసిన ఇంజనీర్ సంతకం మొదటిది, వాటిని సరిచూసి చెక్ మెజర్‌మెంట్ చేసిన పై అధికారిది తర్వాతది. రేపు ఎవరైనా వచ్చి కోర్ కటింగ్ (రోడ్డు పొరల్లోంచి ముక్క కోసి తీయడం) చేయించి మందం తక్కువని తేలిస్తే, చార్జ్ మెమో, అంటే ఆరోపణల నోటీసు, మొదట అందేది కొలతలు రాసినవారికే. అంటే ఫిర్యాదు చేయకుండా ఊరుకుంటే క్షేమమనుకోవడానికి లేదు. ఈ రోజు నుంచి ఆమె తాను కొలిచిందే రాయాలి. మార్చి రాయమంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మని మర్యాదగా అడగాలి. ఇవ్వకపోతే జరిగింది నోట్ ఫైల్‌లో రెండు వాక్యాల్లో పెట్టాలి. ఫిర్యాదు పంపినా పంపకపోయినా ఇది తప్పదు.

ఇక మీ భయం సంగతి. సత్యేంద్ర దూబే పేరు మీరు వినే ఉంటారు. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఆ ఇంజనీర్ స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అవకతవకల గురించి 2002లో ప్రధాని కార్యాలయానికి లేఖ రాశారు. పేరు బయటపెట్టవద్దని అందులోనే కోరారు. అయినా ఆ లేఖ పేరుతో సహా కార్యాలయాలు తిరిగింది. 2003 నవంబర్ 27న గయలో ఆయన్ను కాల్చి చంపారు. దోపిడీ కోసం జరిగిన హత్యని సీబీఐ చెప్పింది, 2010లో ముగ్గురికి శిక్ష పడింది. ఆ హత్య తర్వాత దేశమంతా రేగిన ఆగ్రహం వల్లే 2004లో కేంద్రం పీఐడీపీఐ (ప్రజాప్రయోజన సమాచారం వెల్లడి, సమాచారం ఇచ్చేవారి రక్షణ) తీర్మానం తెచ్చింది. ఫిర్యాదుదారు పేరు దాచి ఉంచే బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించింది. 2014లో ఇందుకోసమే చట్టం వచ్చినా దాన్ని అమల్లోకి తేలేదు. ఈ నిర్లక్ష్యం క్షమించరానిది. అందువల్ల ఈ రోజుకీ మీ అమ్మాయికి ఉన్న ఆధారం ఆ తీర్మానమే.

ప్రాణాల మీదికి వచ్చే సందర్భాలు అరుదు. ఎక్కువమంది మూల్యం చెల్లించేది ఫైళ్లలోనే. హర్యానా ఐఏఎస్ అధికారి అశోక్ ఖేమ్కా 2025లో రిటైరయ్యేనాటికి 57 సార్లు బదిలీ అయ్యారు. ఉద్యోగం తీసేయలేదు, కుదురుగా చేసుకోనివ్వలేదు. కింది స్థాయి ఇంజనీర్‌కైతే సైట్ నుంచి తప్పించి పనిలేని సీటులో కూర్చోబెడతారు. వార్షిక పనితీరు నివేదికలో గ్రేడు తగ్గిస్తారు. ఎప్పటిదో సెలవు చీటీ తవ్వి చార్జ్ మెమో ఇస్తారు. ఆ మెమో తేలేదాకా ప్రమోషన్ ఫలితం బయటపెట్టకుండా సీల్డ్ కవర్‌లో ఉండిపోతుంది. విజిలెన్స్ క్లియరెన్స్ (కేసులేవీ పెండింగ్‌లో లేవన్న ధ్రువీకరణ) రాదు కాబట్టి వేరే ఉద్యోగానికి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వరు, రాజీనామా కూడా ఆమోదించకుండా ఆపుతారు. సస్పెండ్ చేస్తే మొదట్లో చేతికొచ్చేది దాదాపు సగం జీతం. లోన్ వాయిదా మాత్రం పూర్తిగానే కట్టాలి.

ప్రొబేషన్‌లో ఉండటం ఇంకో చిక్కు. విచారణ లేకుండానే ‘పనితీరు సంతృప్తికరంగా లేదు’ అని ఒక్క పేజీ ఉత్తర్వుతో పంపించేయవచ్చు. అది నిజానికి శిక్షేనని రుజువు చేస్తే కోర్టు కొట్టేస్తుంది, కానీ అందుకు ఏళ్లు పడుతుంది. విచారణ లేకుండా తొలగించరాదంటూ ప్రభుత్వ శాఖల ఉద్యోగులకున్న రాజ్యాంగంలోని 311 అధికరణ రక్షణ ప్రభుత్వ రంగ సంస్థల వారికి వర్తించదు. అందుకని నా సలహా, తారు పొర మందం విషయమే అయితే ప్రొబేషన్ ముగిసిందనే కన్ఫర్మేషన్ ఉత్తర్వు చేతికి వచ్చేదాకా ఆగమనండి. ఈలోగా తేదీ, కిలోమీటరు, పొర, రిజిస్టర్ నంబర్ తన సొంత డైరీలో ఏ రోజుకారోజు రాసుకోవాలి. అదే వంతెన పిల్లరో, కల్వర్ట్ స్లాబో అయితే మాత్రం ఆగమని చెప్పలేను. దాని మీద బస్సులు వెళ్తాయి.

ఫిర్యాదు పోస్టులోనే పంపాలి, ఈమెయిల్ పనికిరాదు. కవరు అతికించి ‘పీఐడీపీఐ’ అని పైన రాసి, న్యూఢిల్లీలోని కేంద్ర విజిలెన్స్ కమిషన్ కార్యదర్శి పేరున పంపాలి. కవరు మీద పంపినవారి పేరు, చిరునామా ఉండకూడదు. ఇలాంటి కవర్లను పేరు అడగకుండా తీసుకోవాలని తపాలా శాఖ ఆదేశాలున్నాయి. లోపల మాత్రం పేరు, చిరునామా ఉండాల్సిందే. ఆకాశరామన్న ఉత్తరాలను పట్టించుకోరు. ఆ వివరాలు లేఖ మొదట్లోనో చివర్లోనో, లేదంటే విడి కాగితం మీదో ఉంటే వాటిని తీసేసి మిగతాది విచారణకు పంపడం తేలిక. రాసింది ఆమేనని నిర్ధారించుకోవడానికి కమిషన్ లేఖ రాస్తుంది. అది ఇంటి చిరునామాకు రావాలి, ఆఫీసుకు కాదు. దానికి వెంటనే జవాబివ్వాలి. ఇదే ఫిర్యాదును మంత్రికో, పత్రికలకో, ఎండీకో కూడా పంపితే గోప్యత రక్షణ పోతుంది. కోపంలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే.

అంతకన్నా పెద్ద ప్రమాదం లేఖలోని వివరాల్లో ఉంది. ఉదాహరణకు ‘ఫలానా తేదీన ఫలానా కిలోమీటరు దగ్గర కోర్ తీస్తే 40 మి.మీ. ఉండాల్సిన పొర 28 మి.మీ. ఉంది’ అని రాసిందనుకోండి. ఆ రోజు అక్కడ ఉన్నది ముగ్గురే. కవరు మీద పేరు లేకపోయినా ఎవరు రాశారో ఆఫీసులో గంటలో తేలిపోతుంది. అందుకే ఆ ఒక్క కొలత ఎత్తకుండా పొడవైన భాగాన్ని చెప్పాలి. ఉదాహరణకు పది కిలోమీటర్ల మేర, ఆరు నెలల బిల్లులు, కాంట్రాక్ట్ ప్యాకేజీ పేరు రాసి, అంతటా పలుచోట్ల కోర్‌లు తీయించి ఎం-బుక్‌తో పోల్చమని కోరాలి. ఆధారం విచారణలోనే బయటికొస్తుంది. తాను మాత్రమే చూసిన ఫైల్‌లోని వాక్యాలు, తన డెస్క్‌కే వచ్చిన సర్క్యులర్లు వాడకూడదు. రాశాక తానే పై అధికారిననుకుని ఒకసారి చదివి, ‘ఇది ఎవరు రాసి ఉంటారు?’ అని ఆలోచించమనండి.

ఒరిజినల్ రికార్డులు ఇంటికి తేకూడదు. ఆఫీసు కంప్యూటర్, ప్రింటర్, ఫోన్ వాడకూడదు. సొంత పేరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, తర్వాత గోప్యంగా ఫిర్యాదు చేయడంలో అర్థం లేదు. వాట్సాప్‌లో స్నేహితురాలికి కూడా చెప్పకూడదు. మీ ఇంట్లో మీ దంపతులు, ఒక సర్వీస్ లాయర్, అంతే. బంధువుల్లో గొప్పగా చెప్పుకోవాలనిపిస్తుంది, దయచేసి మానుకోండి.

వేధింపు మొదలైతే ఆ తీర్మానం కిందే కమిషన్‌కు రాసి ఉపశమనం కోరవచ్చు, ప్రాణభయం ఉంటే రక్షణ ఏర్పాటు చేయమని సంబంధిత అధికారులకు కమిషన్ చెప్పగలదు. అయితే వేధింపు ఫిర్యాదు వల్లేనని చూపాలి. అందుకు అంతకు ముందు సంవత్సరాల మంచి గ్రేడులు, ప్రశంసా పత్రాలు, సెలవు మంజూరు కాగితాలు ఒక ఫైల్‌గా ఇంట్లో ఉండాలి. గ్రేడు తగ్గిస్తే ఇచ్చిన గడువులోనే అభ్యంతరం రాయాలి, ఒక్క రోజు దాటినా కష్టం.

రాజీనామా ఇప్పుడు వద్దు. ఇన్నేళ్లు పనిచేస్తానని రాసిచ్చిన సర్వీస్ బాండ్ ఉంటే డబ్బు కట్టాలి, పైగా బయటికొచ్చాక ఫిర్యాదు చేస్తే కక్షతో రాసిందంటారు. కానీ ఇతర పరీక్షలకు ఎన్ఓసీ దరఖాస్తు మాత్రం ఫిర్యాదుకు ముందే పెట్టించండి. ఇంజనీరింగ్ సర్వీసెస్‌కు జనరల్ అభ్యర్థుల వయసు పరిమితి 30, గేట్ స్కోరు చెల్లేది మూడేళ్లు. ఈ రెండు తేదీలూ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆరు నెలల లోన్ వాయిదాలు, ఇంటి ఖర్చు బ్యాంకులో విడిగా పెట్టాకే కవరు పోస్టు చేయాలి.

రాష్ట్ర ప్రభుత్వ శాఖల్లో పనిచేసే పిల్లల తల్లిదండ్రులూ ఇలాగే అడుగుతుంటారు. పీఐడీపీఐ వారికి వర్తించదు. తెలంగాణలో లంచం అడిగిన కేసులకు ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) నంబర్ 1064 ఉంది. లోకాయుక్తకు అఫిడవిట్‌తో, పేరుతో ఫిర్యాదు చేయాలి. అక్కడ గోప్యత ఇంకా పలచన కనుక లాయర్‌ను ముందే కలవడం అవసరం.

సంబంధాల సంగతికొస్తే, వచ్చేవాళ్లకు ఫిర్యాదు గురించి ఇప్పుడు చెప్పాల్సిన పని లేదు. ఏడాదిలో రెండు బదిలీలు రావచ్చని మాత్రం చెప్పండి. ఆమె ఆఫీసులో ఎవరూ మాట్లాడని రోజులు వస్తాయి, ఒంటరిగా టిఫిన్ బాక్స్ తెరుచుకునే మధ్యాహ్నాలు వస్తాయి. నిద్ర పట్టడం లేదంటే తేలిగ్గా తీసుకోకండి, మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ 14416లో తెలుగులో మాట్లాడతారు. ‘ముందే చెప్పాం కదా’ అనే మాట మాత్రం ఆమె దగ్గర అనకండి. రోజూ రాత్రి ఫోన్ చేసి ఆ రోజు డైరీ రాసిందో లేదో అడగండి.