గజానికి మూడడుగులు, చదరపు గజానికి తొమ్మిది

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు గల స్థలం ఎన్ని చదరపు గజాలో కనుక్కోమని ఇంటిపని ఇచ్చారు. వాడు 1,800ను 3తో భాగించి 600 అని రాశాడు. 9తో భాగించాలంటే, ‘గజానికి మూడడుగులే కదమ్మా’ అంటాడు. చేసి చూపిస్తే ఆ పూటకు బాగానే చేస్తాడు, మర్నాటికి మళ్లీ మొదటికి వస్తాడు. ట్యూషన్ పెట్టించమంటారా?
— ఒక తల్లి, ఉప్పల్

జవాబు: ట్యూషన్ సంగతి తరువాత చూసుకోవచ్చు. మీ అబ్బాయి గుణకారంలో గాని, భాగహారంలో గాని తప్పలేదు. గజానికి 3 అడుగులన్న మాటా నిజమే. చిక్కంతా మన మాటతీరులో ఉంది. హైదరాబాదులో ఎవరిని అడిగినా ‘మాది 200 గజాల ప్లాటు’ అంటారే తప్ప, రిజిస్ట్రేషన్ కాగితంలో ఉండే ‘చదరపు’ అన్న మాటను నోటితో పలకరు. పొడవును కొలిచే గజానికీ, స్థలాన్ని కొలిచే గజానికీ ఒకే పేరు వింటూ పెరిగిన పిల్లవాడు ఆ రెండూ ఒకటేననుకోవడంలో వింత లేదు.

కనుక 9 అన్న అంకెను మీరు చెప్పకండి. సుద్దముక్క, టేపు ఇచ్చి, మేడ మీదనో పార్కింగులోనో ఒక్కొక్క భుజం 3 అడుగులుండే చతురస్రాన్ని గీయించి, భుజాలపై అడుగుకొక గుర్తు పెట్టించి, ఎదురెదురు గుర్తులను గీతలతో కలపమనండి. లోపలి గడులను అతడే లెక్కపెట్టాలి. వరుసకు మూడు చొప్పున మూడు వరుసలు, మొత్తం 9. తరువాత స్థలం కొలతలనే ముందుగా గజాల్లోకి మార్చమనండి: 60 అడుగులంటే 20 గజాలు, 30 అడుగులంటే 10 గజాలు, వాటి లబ్ధం 200. 1,800ను 9తో భాగించినా అదే వస్తుంది.

అతడు రాసిన 600ను కొట్టివేసి ఊరుకోవద్దని నా మనవి, ఎందుకంటే అది అర్థం లేని సంఖ్య కాదు. గజం పొడవు, అడుగు వెడల్పు గల పట్టీలు ఆ స్థలంలో సరిగ్గా 600 పడతాయి. పొడవును మాత్రమే గజాల్లోకి మార్చి, వెడల్పును అడుగుల్లోనే వదిలేశానని ఆ పట్టీని సుద్దతో గీసిన పిల్లవాడు తానే గ్రహిస్తాడు; అలా గ్రహించినది మర్నాటికి చెదిరిపోదు.

ఇది కుదురుకున్నాక గుంట లెక్క ఇవ్వండి. గుంటకు 121 చదరపు గజాలు, ఎకరాకు 40 గుంటలు. గుంట నేల చతురస్రాకారంలో ఉంటే భుజం ఎన్ని అడుగులని అడగండి. 11 అని ఆగిపోతే, ‘పదకొండు ఏమిటి?’ అని మాత్రమే అనండి. 33 అడుగుల దాకా అతడే వస్తాడు.

ప్రశ్న: త్రిభుజం భుజాలు 13, 14, 15 సెంటీమీటర్లు. 14ను భూమిగా, 13ను ఎత్తుగా తీసుకుంటే వైశాల్యం 91 వచ్చింది. పుస్తకంలో 84 అని ఉంది. ఎక్కడ తప్పాను?
— ఎనిమిదో తరగతి విద్యార్థిని, మల్కాజిగిరి

జవాబు: 13 అడుగుల నిచ్చెనను, దాని కాళ్లు గోడకు 5 అడుగుల దూరంలో ఉండేటట్లు ఆనిస్తే, అది గోడపై 12 అడుగుల ఎత్తునే అందుకుంటుంది. నీవు నిచ్చెన పొడవును గోడ ఎత్తుగా తీసుకున్నావు. పై శీర్షం నుంచి భూమికి లంబం గీస్తే 14 సెంటీమీటర్ల భూమి 5, 9గా విడిపోతుంది, లంబం 12 అవుతుంది. 25కు 144 కలిపితే 13 వర్గమైన 169, 81కి 144 కలిపితే 15 వర్గమైన 225 వస్తాయి. భూమిలో సగమైన 7ను 12తో గుణిస్తే 84 చదరపు సెంటీమీటర్లు. భూమికి ఒక కొసన అధిక కోణం ఉన్న త్రిభుజంలో మాత్రం లంబం త్రిభుజానికి వెలుపల పడుతుంది. అప్పుడు భూమిని చుక్కల గీతతో పొడిగించి లంబం గీయాలి, పొడిగించిన ముక్కను భూమి పొడవులో కలపకూడదు.