టర్బో మార్చారు సరే, ట్యూన్ ఏది? ఏ డబ్బుతో?

ప్రశ్న: నా వయసు 31. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చేతికి 1,15,000 వస్తుంది. ఇంటద్దె 24,000, ఇంటి ఖర్చులు 30,000, ఊళ్లో అమ్మానాన్నలకు 10,000, సిప్‌లు 15,000, కారు ఈఎంఐ 17,500. కారు 2018 మోడల్ స్కోడా ఆక్టావియా 1.8 టీఎస్ఐ ఆటోమేటిక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఈమధ్య బోనస్‌లో 2,40,000 పెట్టి దాని టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) తీయించి, ఐఎస్38 అనే పెద్ద టర్బో వేయించాను. ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, టర్బో నుంచి పొగ బయటికి పోయే డౌన్‌పైప్ కూడా మారాయి. ప్రస్తుతానికి షెడ్డువాళ్లు బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) తగ్గించిన సాఫ్ట్‌వేర్ ఫైల్ ఒకటి ఎక్కించి, గట్టిగా తొక్కొద్దన్నారు. అసలు ట్యూన్‌కు, అంటే కొత్త టర్బోకు తగ్గట్టు ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడానికి, మూడు కొటేషన్లు వచ్చాయి. ట్యూనింగ్ బాక్స్ 28,000. ఒక విదేశీ బ్రాండు రెడీమేడ్ ఫైల్ 85,000. మూడోది డైనో (కారు పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టి నా కారుకే రాసే కస్టమ్ ఫైల్ 70,000, గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ 35,000, గట్టి క్లచ్ 1,95,000. మొత్తం 3 లక్షలు, 100 ఆక్టేన్ పెట్రోలు మీద. మూడోదానికి 14 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. బ్యాంకులో 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. అందులో 2 లక్షలు మాఘంలో చెల్లి పెళ్లికి ఇస్తానన్నాను. లోన్ తీసుకోనా, ఎఫ్‌డీ విరగ్గొట్టనా?

జవాబు: మూడో కొటేషన్ ఇచ్చిన ట్యూనర్ దగ్గరికే వెళ్లండి. కానీ ఆయన చెప్పిన 3 లక్షల పని చేయించకండి. లోన్ వద్దు, ఎఫ్‌డీ జోలికీ వెళ్లొద్దు.

మీరు ట్యూన్ ధరలను పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. 28 వేలా, 85 వేలా, 3 లక్షలా అని. ట్యూన్‌లో ఫైల్ ధర చిన్న భాగం. ఆ ఫైల్ రేపటి నుంచి ఏ పెట్రోలు అడుగుతుంది, గేర్‌బాక్స్ మీద ఎంత బరువు వేస్తుంది, ఎన్ని కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్పిస్తుంది, ఇవన్నీ కలిపితేనే దాని అసలు ధర తెలుస్తుంది. అందుకే డబ్బు సంగతికి ముందు మీ గేర్‌బాక్స్ సంగతి మాట్లాడుకోవాలి.

మీ కారులో ఉన్నది డీక్యూ200 అనే ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. రెండు డ్రై క్లచ్‌లతో నడుస్తుంది. దాన్ని తయారు చేసినవాళ్లు పెట్టుకున్న హద్దు 250 ఎన్ఎం టార్క్ (ఇంజిన్ తిప్పే బలం). కొత్తగా షోరూమ్ నుంచి వచ్చినప్పుడే మీ కారు టార్క్ సరిగ్గా 250. అది ఇంజిన్ చేతకానితనం అనుకోకండి. ఇదే 1.8 ఇంజిన్‌ను స్కోడా మన దేశంలో సూపర్బ్‌లో కూడా అమ్మింది. మాన్యువల్ గేర్‌బాక్స్‌తో 320 ఎన్ఎం ఇచ్చింది, ఈ ఆటోమేటిక్‌తో 250కే కట్టేసింది. రెండింటికీ పవర్ మాత్రం 180 పీఎస్‌లే. అంటే ఇంజిన్‌లో ఇంకా సత్తా ఉందని తెలిసి కూడా గేర్‌బాక్స్ కోసం కంపెనీయే వెనక్కి తగ్గింది. 350 ఎన్ఎం ఉన్న ఆక్టావియా వీఆర్ఎస్‌కు వాళ్లు వేరే గేర్‌బాక్స్ పెట్టారు, ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్‌లున్నది.

ఇప్పుడు రెడీమేడ్ ఫైల్ చూడండి. ఐఎస్38 టర్బో గోల్ఫ్ ఆర్, ఆడీ ఎస్3 లాంటి 2.0 లీటర్ కార్లతో వచ్చింది. బయట దొరికే ఐఎస్38 ఫైళ్లు ఎక్కువగా ఆ కార్లను, వాటి గేర్‌బాక్సులను మనసులో పెట్టుకుని రాసినవే. 400 ఎన్ఎం దాటించేవే ఎక్కువ. 250 హద్దున్న డ్రై క్లచ్ మీద 400 పెడితే ఏమవుతుందో చెప్పడానికి మెకానిక్ అక్కర్లేదు. ఫైల్ 85 వేలే కావచ్చు, వెనకాల వచ్చే క్లచ్, మెకట్రానిక్స్ (గేర్‌బాక్స్‌ను నడిపే కంట్రోల్ యూనిట్) బిల్లు లక్షల్లో ఉంటుంది. బ్రాండు మంచిదే, అది మీ కారుకు రాసింది కాదంతే.

ట్యూనింగ్ బాక్స్‌కు ఒక్క పేరా చాలు. అది సెన్సర్ల నుంచి ఈసీయూకు, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు, వెళ్లే అంకెలను మధ్యలో మార్చి చెబుతుంది. ఈసీయూ లెక్కల్లో మాత్రం ఇంకా పాత చిన్న టర్బోనే ఉంటుంది. పాత టర్బో మీద కొంచెం పికప్ కోసం పెట్టుకునేవాళ్లు పెట్టుకుంటారు. టర్బోనే మారిన బండికి అది పనికిరాదు. ఆ 28 వేలు పోయినట్టే లెక్క.

ఇక మూడోది. ఆయన అడిగిన క్లచ్ సబబైనదే, తప్పు చెప్పలేదు. ఆయన రాయాలనుకుంటున్న పవర్‌కు ఆ క్లచ్ లేకపోతే నిలవదు. నా ప్రశ్న వేరు: అంత పవర్ అవసరమా? పెద్ద టర్బో లాభం టార్క్ పెంచడంలోనే లేదు. చిన్న టర్బో పైఆర్‌పీఎంలలో (ఇంజిన్ వేగంగా తిరిగేటప్పుడు) ఊపిరాడక టార్క్‌ను జారవిడుస్తుంది, పెద్దది అదే టార్క్‌ను చివరిదాకా పట్టి ఉంచుతుంది. పవర్ అంటే టార్క్‌ను ఆర్‌పీఎంతో హెచ్చవేయడమే. 300 ఎన్ఎంను 6,000 ఆర్‌పీఎం దాకా నిలబెట్టగలిగితే లెక్క ప్రకారం 256 పీఎస్ వస్తుంది. అంటే క్లచ్ మీద భారం కొద్దిగానే పెంచి, పవర్ మాత్రం 180 నుంచి 250 ప్రాంతానికి తీసుకెళ్లే దారి ఉంది. 300 కూడా హద్దు దాటినట్టే, అందులో దాపరికం లేదు. కానీ 300కూ 400కూ మధ్య ఉన్న తేడాయే మీ 1,95,000.

కాబట్టి ట్యూనర్‌తో ఇలా మాట్లాడండి. కస్టమ్ ఫైల్ కావాలి, టార్క్‌కు పైహద్దు 300 పెట్టండి, ఒకటి రెండు గేర్లలో అంతకన్నా తగ్గించండి, తక్కువ ఆర్‌పీఎంలో ఒక్కసారిగా బూస్ట్ దూసుకురాకుండా మెల్లగా పెరగనివ్వండి. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లలో తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ బూస్ట్ కలిసినచోటే ఇంధనం వేళకు ముందే మండిపోయే జబ్బు వస్తుంది, పిస్టన్లు పగిలేది అలాగే. గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ 35,000 దండగ కాదు, అది ఉంచండి. క్లచ్ ఇప్పుడు వద్దు. మొత్తం 1,05,000. మంచి ట్యూనర్ అయితే ఈ మాటకు నొచ్చుకోడు. డైనో షీటులో అంకె చిన్నదవుతుందని మొహం మాడ్చుకుంటే వేరే ట్యూనర్‌ను వెతుక్కోండి.

పెట్రోలు విషయంలోనూ మాట మార్చండి. 100 ఆక్టేన్ మీద రాసిన ఫైల్ ఉంటే ప్రతిసారీ 100 ఆక్టేనే కొట్టించాలి. అది అన్ని బంకుల్లో దొరకదు, మామూలు పెట్రోలు కన్నా లీటరుకు 50 రూపాయల పైనే ఎక్కువ. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 10 వస్తుందనుకుంటే 100 లీటర్లు, అంటే నెలకు 5,000 అదనం. ఎప్పుడో రాత్రి సూర్యాపేట దాటాక మామూలు పెట్రోలు కొట్టించాల్సి వస్తే ఇంజిన్ నాక్ కొడుతుంది, అంటే ఇంధనం అదుపు తప్పి మండి లోపల దెబ్బలు పడతాయి. 95 ఆక్టేన్ ప్రీమియం మీద రాయించుకోండి, నెలకు అదనం వెయ్యి లోపే ఉంటుంది. ఏ బంకులో కొట్టిస్తారో ఆ పెట్రోలుతోనే డైనో ఎక్కించమనండి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ ఎక్కువైన కొద్దీ అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి, పాత పెట్రోలు లెక్కన రాసిన ఫైల్ దానికి సరిపోదు.

ఇప్పుడు లోన్ లెక్క. 3 లక్షలు, 14 శాతం, 36 నెలలు: ఈఎంఐ 10,253. మొత్తం కట్టేది 3,69,000 పైన, అందులో వడ్డీయే 69,000. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అంటే జీఎస్టీతో కలిపి ఇంకో 7,080. మీరు చెప్పిన ఖర్చులన్నీ పోగా నెలకు మిగిలేది 18,500. ఈఎంఐ తీసేస్తే 8,247. 100 ఆక్టేన్ తీసేస్తే 3,247. ట్యూన్ చేసిన ఇంజిన్‌కు ఆయిల్ 15,000 కిలోమీటర్లకు బదులు 7,500కే మార్చాలి, దానికి నెలకు ఎనిమిది వందలు తీసి పెడితే మిగిలేది 2,400. లక్షా పదిహేను వేల జీతగాడికి నెలాఖరున 2,400 మిగలడం, అదీ రెండు ఈఎంఐల మధ్య! టైర్లు, బ్రేకు ప్యాడ్లు నేనింకా లెక్కలోకే తీసుకోలేదు. లోన్ కాకుండా క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టుకుంటానంటే ఇంకా దారుణం, అక్కడ వడ్డీ మీద కూడా 18 శాతం జీఎస్టీ కట్టాలి.

ఎఫ్‌డీలో మీవి 3 లక్షలు లేవు. 2 లక్షలు చెల్లెలివి, మాట ఇచ్చేశారు. మిగిలిన లక్ష మీ అత్యవసర నిధి. నెలకు 81,500 తప్పనిసరి ఖర్చున్న మనిషికి అది నెల పదిరోజులకు కూడా రాదు. అసలు నన్ను కంగారుపెట్టింది కారు కన్నా ఇదే.

మరి 1,05,000 ఎక్కడి నుంచి? సిప్‌లు ఆపమని నేను ఎవరికీ తేలిగ్గా చెప్పను. మీకు చెబుతున్నాను. మూడు నెలలు ఆపండి. 18,500కు 15,000 కలిస్తే నెలకు 33,500, మూడు నెలలకు 1,00,500. మిగతా నాలుగైదు వేలు ఎలాగో సర్దుకోగలరు. 14 శాతానికి అప్పు చేస్తూ ఇంకోపక్క సిప్ నడిపేకన్నా ఇది నయం. నాలుగో నెల నుంచి సిప్ మళ్లీ మొదలవ్వాలి, ఇప్పుడే ఆ తేదీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఈ మూడు నెలలూ బూస్ట్ తగ్గించిన ఫైల్ మీదే నడపవచ్చో లేదో షెడ్డులో కనుక్కోండి. ఒద్దంటే బండి ఇంట్లో ఉంచి మెట్రోలో వెళ్లండి, పెట్రోలు డబ్బు కూడా మిగులుతుంది.

ట్యూన్ అయ్యాక నెలకు 8,000 చొప్పున ఒక రికరింగ్ డిపాజిట్ కట్టండి. 25 నెలల్లో 2 లక్షలవుతుంది. అది గేర్‌బాక్స్ డబ్బు, ఇంకో దేనికీ తీయకూడదు. క్లచ్ ముందే పోతే అప్పటికి ఎంత పోగైతే అంత చేతిలో ఉంటుంది, పోకపోతే ఆ డబ్బు మీదే. ట్యూనర్ చెప్పిన 3 లక్షల పని మొత్తం ముందే అప్పు చేసి చేయించుకుంటే పోయేది 69 వేల వడ్డీ, ఇక్కడ అది ఉండదు. పెట్రోలు, ఆయిల్ అదనపు ఖర్చు పోగా మిగిలినదంతా అత్యవసర నిధికి. అది కనీసం మూడు నెలల ఖర్చు అయ్యేదాకా బండి మీద కొత్తగా ఒక్క బోల్టు కూడా కొనొద్దు.

డబ్బు ఇచ్చేముందు కాగితం మీద రాయించుకోవాల్సినవి కొన్నున్నాయి. టార్క్ పైహద్దు ఎంత, ఏ ఆక్టేన్, ఆరు నెలల్లో ఎన్నిసార్లు సవరించినా ఉచితమేనా, మీ ఒరిజినల్ ఫైల్ కాపీ ఇస్తారా, సర్వీస్ సెంటర్ వాళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి ట్యూన్ చెరిగిపోతే మళ్లీ ఎక్కించడానికి ఎంత. జీఎస్టీ బిల్లు అడగండి. డైనో షీటుతో పాటు లాగ్‌లు (బండి నడిచేటప్పుడు సెన్సర్లు నమోదు చేసిన అంకెలు) కూడా తీసుకోండి. నాక్ రాకుండా ఒక్కో సిలిండర్‌కు స్పార్క్ టైమింగ్ ఎంత వెనక్కి లాగుతోంది, ఇంధన పీడనం పడిపోతోందా, లోపలికి వచ్చే గాలి వేడెంత అన్నవి అందులో కనిపిస్తాయి. ట్యూనింగ్ చలికాలంలో జరిగిందనుకోండి. డిసెంబర్ చలిలో అందంగా వచ్చిన లాగ్ మే నెల ఎండలో అలాగే ఉండదు. మేలో ఇంకోసారి లాగ్ తీసి సరిదిద్దే మాట కూడా ఆ 70 వేలలోనే ఒప్పుకోవాలి.

ఇంకో దారి ఉంది, మీకు నచ్చకపోవచ్చు. పాత టర్బో ఉంచారా? ఉంటే తిరిగి బిగించి, ఐఎస్38ను అమ్మేయవచ్చు. 2,40,000 పెట్టాక వెనక్కి ఎలా వస్తామంటారు. ఆ డబ్బు పోయింది, ట్యూన్ చేయించినా తిరిగి రాదు. చూడాల్సింది ఇకమీదట పోయేది ఎంత అనే. వచ్చే ఏడాదిలో ఉద్యోగం మారే ఆలోచనో, ఇల్లు కొనే ఆలోచనో ఉంటే నా ఓటు దీనికే. ఔటర్ రింగ్ రోడ్డు మీద పరిమితి 120, మీ కారు షోరూమ్ నుంచి వచ్చినప్పుడే దానికి దాదాపు రెట్టింపు పోగలదు. ఏ దారి పట్టినా పాత టర్బోను మాత్రం ఇప్పుడే పాత సామాన్లవాడికి ఇచ్చేయకండి. కారు అమ్మే రోజున కొనేవాడు ఒరిజినల్ టర్బో, ఒరిజినల్ ఫైల్ అడుగుతాడు.

చివరగా చట్టం, బీమా. తయారీదారు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా వాహనాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. డౌన్‌పైప్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని కాలుష్యం తగ్గించే భాగం) తీసేసి ఉంటే ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడే అది ఉన్న పైపు వేయించండి, పీయూసీ దగ్గర దొరికిపోయేది అదే. బీమా కంపెనీకి మార్పుల సంగతి చెప్పకపోతే మీ కారుకు జరిగిన నష్టం క్లెయిమ్‌ను వాళ్లు తిరస్కరించే అవకాశం ఉంది. అవతలివాళ్లకు దెబ్బ తగిలిన కేసులో కూడా, ముఖ్య విషయం దాచారన్న వాదన తీసుకోవచ్చు. ప్రాణనష్టం పరిహారానికి పైహద్దు లేదు, ఆ వాదన నెగ్గితే అది మీ మీద పడవచ్చు. ట్యూన్ తేదీ ఖాయం చేసుకునే ముందు ఏమేం మార్చారో ఈమెయిల్‌లో రాసి పంపి, కవర్ ఉంటుందో లేదో రాతపూర్వకంగా అడగండి. జవాబు 'లేదు' అని వస్తే పాత టర్బో బిగించే దారి గురించి ఇంకోసారి కూర్చుని ఆలోచించండి.