రిపోర్టులో ‘రియాక్టివ్’ అని వచ్చింది.. కంచం వేరు చేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 49. మాది చిత్తూరు దగ్గర పల్లె. గర్భసంచి ఆపరేషన్ కోసం తిరుపతికి వస్తే ముందుగా రక్తపరీక్షలు చేశారు. ‘యాంటీ హెచ్‌సీవీ రియాక్టివ్’ అని వచ్చింది. తర్వాత ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ‘నాట్ డిటెక్టెడ్’ అని రాశారు. లివర్ పరీక్షలు, స్కానింగ్ బాగున్నాయన్నారు. 1996లో కాన్పప్పుడు రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు. ఒక రిపోర్టు ఉందంటోంది, ఇంకొకటి లేదంటోంది. ఏది నమ్మాలి? ఇంట్లో నా కంచం, గ్లాసు పక్కన పెట్టేశారు. - ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ కంచం, గ్లాసు మిగతావాటితో కలిపేయండి. ఈ మాట ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి. హెచ్‌సీవీ అంటే హెపటైటిస్-సి వైరస్. హెపటైటిస్-సి రక్తం ద్వారా అంటుకునే లివర్ జబ్బు. వైరస్ ఒంట్లో ఉన్నవాళ్ల పక్కన కూర్చుని తిన్నా, వాళ్లు తాగిన గ్లాసుతో నీళ్లు తాగినా రాదు. మీ రక్తంలోనైతే ఆ వైరసే కనిపించలేదు.

మీ రెండు రిపోర్టులూ నిజమే చెబుతున్నాయి. పలమనేరు, కుప్పం వైపు రైతులను అడగండి. పొద్దున పొలంలో ఏనుగు అడుగులు కనిపిస్తే రాత్రి ఏనుగు వచ్చి పోయిందని తెలుస్తుంది. అది ఇంకా చేలోనే ఉందో లేదో మాత్రం అడుగులు చెప్పవు. మీ మొదటి రిపోర్టులో ‘రియాక్టివ్’ అని వచ్చింది ఈ వైరస్ యాంటీబాడీ. అది ఆ అడుగు లాంటిది. వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకున్న పదార్థం, వైరస్ పోయాక కూడా ఏళ్ల తరబడి, చాలామందిలో జీవితాంతం, రక్తంలో ఉండిపోతుంది. వైరస్ ఇప్పుడు ఉందా అని వెతికేది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. మీకు అది లేదని వచ్చింది.

మరి యాంటీబాడీ ఎలా వచ్చింది? ఈ వైరస్ సోకినవాళ్లలో సుమారు 30 శాతం మందికి ఆరు నెలల్లోపు మందులేమీ లేకుండానే తగ్గిపోతుంది. వాళ్లలో చాలామందికి అది వచ్చినట్టే తెలియదు. మీకూ అలాగే జరిగి ఉండొచ్చు. లేదా అసలు సోకకుండానే పరీక్ష పొరపాటున పాజిటివ్ చూపించి ఉండొచ్చు. ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి మళ్లీ వేల రూపాయలు ఖర్చు పెట్టొద్దని నా సలహా. ఏది తేలినా మీరు చేయాల్సింది మారదు.

1996 నాటి రక్తం మీద మీ అనుమానం సహజమే. ఈ వైరస్‌ను కనిపెట్టిందే 1989లో. మన దేశంలో రక్తనిధుల్లో ప్రతి బాటిల్‌కూ ఈ పరీక్ష తప్పనిసరి అయింది 2000 దాటాకే. కానీ దానివల్లే వచ్చిందని ఇప్పుడు ఎవరూ నిరూపించలేరు. అప్పట్లో ఒకే సూదిని ఉడకబెట్టి పదిమందికి వాడిన రోజులూ ఉన్నాయి. కాన్పులో అంత రక్తం పోయినప్పుడు ఆ రెండు బాటిళ్లే మిమ్మల్ని కాపాడి ఉంటాయి. ఎక్కించుకున్నందుకు బాధపడకండి.

ఒక్క విషయం మాత్రం గుర్తు చేసుకోండి. గత ఆరు నెలల్లో మళ్లీ రక్తం ఎక్కించుకోవడం, డయాలసిస్, వాడిన సూదితో ఇంజక్షన్ లాంటివి ఏమైనా జరిగాయా? జరిగి ఉంటే కొన్నాళ్లాగి ఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఇంకోసారి చేయించాలి. లేదంటే ఈ ఒక్కటి చాలు. కామెర్లకని ఇచ్చే పసర్లు, లివర్ టానిక్‌లు మీకు అక్కర్లేదు.

యాంటీబాడీ ఉంది కాబట్టి ఇక రాదనుకోకండి. ఇది రక్షణ ఇవ్వదు, దీనికి టీకా కూడా లేదు. బ్లేడు, టూత్‌బ్రష్ ఎవరివి వాళ్లవే ఉండాలి. ఇంజక్షన్ అంటే కొత్త సూది విప్పడం కళ్లారా చూడండి. రక్తదానం మాత్రం మీరు చేయకూడదు. ఆర్‌ఎన్‌ఏ లేకపోయినా యాంటీబాడీ ఉన్న రక్తాన్ని తీసుకోరు.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా ఆర్‌ఎన్‌ఏ కూడా పాజిటివ్ వచ్చి ఉంటే, భయపడి దాచుకోకండి. చాలామందికి 12 వారాల మాత్రలతో సరిపోతుంది, నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. రుయా లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి అడగండి.

మీ ఆపరేషన్‌కు ఇది అడ్డు కాదమ్మా. ముందుముందు ఎక్కడ యాంటీబాడీ పరీక్ష చేసినా మళ్లీ ‘రియాక్టివ్’ అనే వచ్చే అవకాశం ఎక్కువ, అప్పుడు కంగారు పడకండి. ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు జిరాక్సులు తీయించి ఫైల్లో పెట్టుకోండి. రెండు రిపోర్టులనూ సర్జన్‌కు చూపించి ఆపరేషన్ తేదీ అడగండి.