టెక్ సందేహాలు: వియ్యాలవారిది కొరియా, ఫోన్‌లో ఏమేం పెట్టుకుని వెళ్లాలి?

ఈమధ్య వస్తున్న ఉత్తరాల్లో కొరియావే ఎక్కువగా ఉంటున్నాయి. పిల్లలు చదువుకోడానికి వెళ్లారు, కొందరు సువాన్‌లో చిప్‌ల కంపెనీల్లో చేరారు, ఒకరిద్దరు అక్కడి అమ్మాయిలనే పెళ్లి చేసుకుని స్థిరపడ్డారు. వాళ్లను చూడ్డానికి బయల్దేరుతున్న అమ్మానాన్నలే ఇప్పుడు నాకు రాస్తున్నది. నేనూ పోయినేడాది సువాన్‌లో మా తమ్ముడింట్లో మూడు వారాలు ఉండొచ్చాను కాబట్టి చాలావాటికి చేసి చూసిన జవాబులే ఇస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్తాను. సెట్టింగులన్నీ ఇక్కడే, మీ ఇంట్లో తీరిగ్గా కూర్చుని పూర్తిచేసుకోండి. అక్కడ దిగాక ఫోన్ ఎక్కువసేపు సంచిలోనే ఉండాలి, ఎందుకంటే మీరు వెళ్తున్నది మనుషుల కోసం.

"మా అబ్బాయి కొరియా అమ్మాయిని చేసుకున్నాడు. వచ్చే నెల మొదటిసారి దేజన్‌లో వియ్యాలవారింటికి వెళ్తున్నాం. వాళ్లకు ఇంగ్లిష్ రాదు, నాకు తెలుగు తప్ప రాదు. ప్రతి మాటకీ అబ్బాయిని పిలవాలంటే మొహమాటం. ఫోన్‌లో అనువాదం పనికొస్తుందా?" (గుంటూరు నుంచి ఒక అమ్మ)

పనికొస్తుందమ్మా, కానీ కొంచెం తయారీ కావాలి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగూ ఉంది, కొరియనూ ఉంది. అందులో కాన్వర్సేషన్ (కొత్త యాప్‌లో లైవ్ ట్రాన్స్‌లేట్) అనే బటన్ నొక్కి ఫోన్ ఇద్దరి మధ్యా బల్ల మీద పెడితే మీరు తెలుగులో అన్నది కొరియన్‌లో, ఆవిడ అన్నది తెలుగులో వినిపిస్తుంది. రెండు భాషలూ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేనప్పుడు కనీసం టైప్ చేసి చూపించుకోవచ్చు. పొట్టి వాక్యాలు, పూర్తి వాక్యాలు మాట్లాడండి. మధ్యలో "అదేనండీ", "ఏంటంటే" లాంటివి వస్తే యాప్ గందరగోళపడుతుంది.

అసలు జాగ్రత్త "మీరు" దగ్గర. మనకు మీరు అంటే గౌరవం. యాప్ దాన్ని చాలాసార్లు "తాంగ్షిన్" అని మారుస్తుంది, అది పెద్దవాళ్ల ముఖం మీద అనే మాట కాదు, పోట్లాటలో అన్నట్టు కూడా వినపడొచ్చు. అందుకని ఆ మాటే ఎత్తొద్దు. "మీ ఆరోగ్యం ఎలా ఉంది" అనే బదులు "ఆరోగ్యం బాగుందా" అనండి. కొరియన్‌లోనూ మనలాగే కర్త లేకుండా వాక్యం హాయిగా నడుస్తుంది. అబ్బాయి ఇంగ్లిష్‌లో టైప్ చేసి పెట్టేటట్టయితే పాపగో అనే యాప్ ఇంకా మంచిది. అందులో తెలుగు లేదు గానీ, ఇంగ్లిష్ నుంచి కొరియన్‌లోకి మార్చేటప్పుడు మర్యాద రూపం కోసం విడిగా ఒక స్విచ్ ఉంటుంది. మీరు చెప్పాలనుకున్న ఓ పది మాటలు అలా చేయించి సేవ్ చేసుకోండి.

ఇంకోటి, నాకు బాగా నచ్చిన సంగతి. ఇంగ్లిష్‌లో వియ్యపురాలు అనే మాటే లేదు, అనువాద యాప్‌లేమో ఎక్కువగా ఇంగ్లిష్ మీద పెరిగినవి, కాబట్టి ఇలాంటి వరస దగ్గరికి వచ్చేసరికి తడబడతాయి. కానీ కొరియన్‌లో ఆ వరస ఉంది! వియ్యంకుడు, వియ్యపురాలు ఇద్దరికీ కలిపి "సాదొన్" అంటారు. అమ్మాయి తల్లిని మీరు మర్యాదగా "సాబుయిన్" అని పిలవాలి, ఆవిడా మిమ్మల్ని అలాగే పిలుస్తారు. అమ్మాయి తండ్రిని "సాదొన్ ఒరున్" అనొచ్చు. ఈ రెండు పిలుపులూ యాప్‌కి వదలకండి. కోడలి చేత నెమ్మదిగా అనిపించి వాయిస్ రికార్డర్‌లో పెట్టుకుని, వంట చేస్తూ రోజుకి నాలుగుసార్లు వినండి. గుమ్మంలో అడుగుపెడుతూనే మీ నోట సాబుయిన్ అనే మాట వస్తే ఆవిడ ముఖం ఎలా వెలిగిపోతుందో మీరే చూస్తారు.

ఆవిడ మాట్లాడుతున్నప్పుడు మాత్రం మధ్యలో స్క్రీన్ చూడొద్దు. కొరియన్‌లోనూ క్రియ చివర్లోనే వస్తుంది, అవునో కాదో తేలేది అక్కడే. సగంలో తొంగిచూస్తే యాప్ ఒకటి చూపిస్తుంది, వాక్యం అయ్యేసరికి అది ఇంకోటవుతుంది. ఆవిడ ముఖం చూస్తూ వినండి, అయ్యాక చదవండి. భోజనానికి కూర్చున్నాక ఫోన్ అసలొద్దు. పెద్దవాళ్లు స్పూన్ ఎత్తేదాకా ఆగండి. తినేముందు "చల్ మొక్కెస్సుమ్నిదా" అంటే బాగా తింటాను అని, తిన్నాక "చల్ మొగొస్సుమ్నిదా" అంటే బాగా తిన్నాను అని. అన్నం స్పూన్‌తో తింటారు, చాప్‌స్టిక్స్ పక్క వంటకాలకు. అవి రాకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

తిరిగొచ్చాక మాటామంతీ కొనసాగాలంటే కాకావ్‌టాక్ కావాలి, అక్కడి వాట్సాప్ అనుకోండి. మన ఇండియా నంబర్‌తోనే ఖాతా తెరవొచ్చు, వెళ్లకముందే తెరిచి కోడలితో ఒక మెసేజ్ పంపించుకుని చూడండి. అందులో నీలం టిక్కులుండవు. మెసేజ్ పక్కన చిన్న అంకె ఉంటుంది, అది ఇంకా ఎంతమంది చదవలేదో చెప్పేది. అంకె మాయమైతే అందరూ చదివినట్టు.

"మేం ఉండబోయేది సియోల్‌లో. గూగుల్ మ్యాప్స్‌తో తిరగొచ్చా?" (విజయవాడ)

దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. వివరమైన 1:5000 స్కేలు మ్యాప్ డేటా దేశం దాటించడానికి అక్కడి ప్రభుత్వం భద్రతా కారణాలతో 2007లో, మళ్లీ 2016లో గూగుల్‌కు ఒప్పుకోలేదు. అందుకే ఏళ్ల తరబడి అందులో నడకదారి సరిగ్గా చూపించే పరిస్థితి లేకపోయింది. నేవర్ మ్యాప్ వేసుకోండి, భాష ఇంగ్లిష్‌కి మార్చుకోవచ్చు. మెట్రోలో ఏ నంబర్ ఎగ్జిట్ నుంచి బయటికి రావాలో కూడా చెప్తుంది, అక్కడ ఎవరిని కలవాలన్నా "మూడో నంబర్ ఎగ్జిట్ దగ్గర" అనే చెప్పుకుంటారు. అబ్బాయి ఇంటి అడ్రస్ కొరియన్ లిపిలో ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, టాక్సీ డ్రైవర్‌కి చూపిస్తే చాలు.

బస్సుకీ మెట్రోకీ టీమనీ కార్డు కొనుక్కోండి, కన్వీనియెన్స్ స్టోర్లలో దొరుకుతుంది. డబ్బులు వేయించడానికి నోట్లు దగ్గర పెట్టుకోండి. 2025 జూన్ చివరి నుంచి సియోల్ మెట్రో కనీస చార్జీ 1,550 వన్‌లు (మన రూపాయిలా అక్కడి డబ్బు వన్). బస్సు దిగేటప్పుడు కూడా కార్డు తాకించడం మర్చిపోవద్దు. దిగాక అరగంటలోపు ఇంకో బస్సో మెట్రోనో ఎక్కితే మళ్లీ మొదటి నుంచి చార్జీ పడదు, తాకించకపోతే ఆ లాభం పోతుంది.

"మా కోడలికి నెలలు నిండాయి, నాలుగు నెలలు ఉండాలి. మిక్సీ, చిన్న వెట్ గ్రైండర్ రెండూ తీసుకెళ్దామనుకుంటున్నా. అక్కడి కరెంటుకి పనిచేస్తాయా?" (కరీంనగర్)

మిక్సీ తీసుకెళ్లండి, గ్రైండర్ వద్దు. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడ 220 వోల్టులు, 60 హెర్ట్జ్. వోల్టులు దాదాపు ఒకటే కాబట్టి దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. తేడా హెర్ట్జ్‌లోనే. మిక్సీలో ఉండేది బ్రష్‌ల మోటారు, దానికి హెర్ట్జ్‌తో పెద్దగా పనిలేదు. గ్రైండర్‌లో మామూలుగా ఉండేది ఇండక్షన్ మోటారు, దాని వేగం హెర్ట్జ్‌ని బట్టే ఉంటుంది. 60 మీద పెడితే ఐదోవంతు ఎక్కువ వేగంగా తిరుగుతుంది, రాయి బరువుతో అలా తిరిగితే మోటారు వేడెక్కుతుంది, పిండీ వేడెక్కుతుంది. పైగా ఆ బరువు విమానంలో మోసుకెళ్లడం ఒకటి.

ప్లగ్ కూడా వేరు. అక్కడివి గుండ్రటి రెండు పిన్నుల సాకెట్లు, గోడలోకి లోతుగా ఉంటాయి, మన మూడు పిన్నులది దూరదు. మంచి అడాప్టర్ ఒకటి కొనుక్కోండి, మీద ఎన్ని ఆంపియర్లో రాసి ఉన్నదే తీసుకోండి. 750 వాట్ల మిక్సీకి మూడున్నర ఆంపియర్లు చాలు. ఇస్త్రీపెట్టె, నీళ్ల కెటిల్ మాత్రం అడాప్టర్‌తో నడపొద్దు, అక్కడే కొనుక్కోవడం మేలు. అపార్ట్‌మెంట్లలో పై ఇంటి చప్పుడు కింది ఇంటికి వినిపించడం అక్కడ పెద్ద గొడవ, దానికి విడిగా నిబంధనలే ఉన్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మిక్సీ జోలికి పోవద్దు. మా మరదలు పిండి సాయంత్రం ఆరింటికల్లా రుబ్బేసేది, అదీ మిక్సీ కింద మందపాటి టవల్ వేసి.

పిండి పులవదేమోనని భయం వద్దు. అక్కడ చలికాలం ఇల్లు నేల నుంచి వేడెక్కుతుంది, దాన్ని ఒన్‌దొల్ అంటారు. గిన్నె మీద మూత పెట్టి, దుప్పటి చుట్టి, నేల బాగా వెచ్చగా ఉన్న చోట పెట్టండి, పొద్దున్నకి పొంగి ఉంటుంది. పాత కొరియా ఇళ్లలో ఆ వెచ్చటి చోటును అరెన్‌మొక్ అనేవాళ్లు. రాత్రి ఆలస్యంగా వచ్చే ఇంటి మనిషి కోసం అన్నం గిన్నెను మూతపెట్టి అక్కడ దుప్పటి కింద దాచి ఉంచేవాళ్లట. మన అమ్మలు కంచం మీద కంచం బోర్లించి పెట్టేవాళ్లు కదా, అదే నాకు గుర్తొచ్చింది.

"గోడ మీద ఒక పానెల్, తలుపుకి అంకెల తాళం. అన్నీ కొరియన్‌లోనే. పిల్లలు ఆఫీసుకి వెళ్తే మేం ఇంట్లో చేతులు కట్టుకుని కూర్చుంటున్నాం." (ఇంచియాన్ నుంచి, సొంతూరు అనంతపురం)

గోడ మీదది బాయిలర్ పానెల్. మూడు మాటలు చాలు. నన్‌బాంగ్ అంటే నేల వేడి, ఒన్సు అంటే వేడినీళ్లు, వేచుల్ అంటే బయటికి వెళ్తున్నాం అని. గడ్డకట్టే చలిలో బయటికి వెళ్లేటప్పుడు పూర్తిగా ఆపేయొద్దు, పైపుల్లో నీళ్లు గడ్డకడతాయి, వేచుల్ నొక్కి వెళ్లండి. ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ కెమెరా పానెల్ మీద పెట్టి బటన్ల అర్థాలు ఒకసారి చూసుకుని, చిన్న చీటీల మీద తెలుగులో రాసి పక్కన అంటించేయండి. వాషింగ్ మెషీన్‌కీ, రైస్ కుక్కర్‌కీ అదే చేయండి. మీ పెనుకొండ కియా ఫ్యాక్టరీ వైపు కొరియన్ బోర్డులు చూసే ఉంటారు, ఆ అక్షరాలే ఇవి. 1443లో సేజొంగ్ రాజు హయాంలో తయారైన లిపి, ఓపికుంటే రెండు మూడు రోజుల్లో కూడబలుక్కుని చదవడం వస్తుంది. ఇంట్లో ఖాళీగా ఉన్న మధ్యాహ్నాలకు ఇంతకంటే మంచి పని నాకు తోచదు.

తాళం సంగతి నా అనుభవంతో చెప్తాను. ఒక సాయంత్రం చెత్త పడేయడానికి కిందికి దిగి వచ్చేసరికి తలుపు మూసుకుని తాళం తనంతట తానే పడిపోయింది, అంకెలు నొక్కితే వెలగడం లేదు, లోపలి బ్యాటరీలు అయిపోయాయి. తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు, తాళం కింది అంచున రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి చూడమని. కింద కన్వీనియెన్స్ స్టోర్‌లో 9 వోల్టుల చదరపు బ్యాటరీ కొనుక్కొచ్చి, దాని రెండు కొనలూ ఆ చుక్కలకు ఆనించి పట్టుకుంటే అంకెలు వెలిగాయి, కోడ్ నొక్కగానే తలుపు తెరుచుకుంది. అక్కడి చాలా తాళాలకు ఈ ఏర్పాటు ఉంటుంది, మీ తాళానికి ఎక్కడుందో ఈరోజే చూసి పెట్టుకోండి. తాళం మామూలుగా కాకుండా వేరే పాట వినిపిస్తుంటే బ్యాటరీలు మార్చమని చెప్తున్నట్టే.

"మేం శాకాహారులం. ప్యాకెట్ల మీద ఏముందో ఎలా తెలుస్తుంది?" (తిరుపతి)

కెమెరా అనువాదం ప్యాకెట్ మొత్తం మీద పెడితే గజిబిజిగా వస్తుంది. పదార్థాల జాబితా దగ్గర అలర్జీల కోసం విడిగా ఒక చిన్న డబ్బా ఉంటుంది, చివర్లో "హమ్యు" అని, అంటే కలిసి ఉంది అని. దాని మీదే కెమెరా పెట్టండి. అక్కడి నిబంధన ప్రకారం పాలు, గుడ్లు, గోధుమలతో పాటు పంది, గొడ్డు, కోడి మాంసాలు, రొయ్య, పీత కూడా అందులో చెప్పాలి. కానీ మ్యొల్చి అనే చిన్న చేపలు ఆ డబ్బాలో రావు, వాటికోసం పదార్థాల జాబితా చూడాల్సిందే, చారుల్లో అవి ఎక్కువ. మామూలు కిమ్చీలోనూ చేపల సాస్ లేదా రొయ్యల ఊరగాయ ఉంటుంది. బయట తినాలంటే బిబింబాప్ (కూరగాయలు కలుపుకుని తినే అన్నం) చెప్పి "గోగి ప్పేజుసెయో" అంటే మాంసం తీసేసి ఇవ్వమని. చాలాచోట్ల ఆర్డర్ టచ్ స్క్రీన్ మీదే. ముందు భాష బటన్ కోసం చూడండి, లేకపోతే మేజాంగ్ అంటే ఇక్కడే తింటాం, పొజాంగ్ అంటే పార్సిల్. స్పూన్లు బల్ల మీద కనపడకపోతే బల్ల పక్కన చిన్న సొరుగు లాగి చూడండి.

"యూపీఐ పనిచేస్తుందా? బ్యాంకు ఓటీపీలు ఎలా?" (హైదరాబాద్)

కొట్లలో యూపీఐ మీద ఆశ పెట్టుకోవద్దు, కార్డు దాదాపు అన్నిచోట్లా తీసుకుంటారు. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం మీరే ఆన్ చేసుకోవాలి. మెషీన్ రూపాయల్లోనా వన్‌లలోనా అని అడిగితే వన్‌లే అనండి. ఓటీపీల కోసం మన సిమ్‌కు రోమింగ్ ఉంచి డేటా ఆపేయండి, నెట్‌కు ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్) వేసుకోండి. *#06# నొక్కితే ఈఐడీ అనే నంబర్ కనపడితే మీ ఫోన్ ఈ-సిమ్ తీసుకుంటుంది.

"నిన్న రాత్రి ఫోన్ ఒక్కసారిగా సైరన్‌లా మోగింది. హ్యాక్ అయిందా?" (సువాన్‌లో కూతురింట్లో ఉన్న ఒక నాన్నగారు)

లేదండీ, అది ప్రభుత్వం పంపే అత్యవసర మెసేజ్. వానలు, ఎండలు, మంచు, అగ్ని ప్రమాదాలు ఇలా ఆ ప్రాంతంలో ఉన్న ఫోన్లన్నిటికీ వస్తాయి, కొన్ని ఫోన్లలో చిన్నవీ పెద్దవీ ఒకే మోతతో మోగుతాయి. స్క్రీన్‌షాట్ తీసి ట్రాన్స్‌లేట్‌లో వేసి చదవండి. ఆపేయాలనిపిస్తుంది గానీ ఆపొద్దు. మా తమ్ముడింట్లో ఉండగా ఒక మధ్యాహ్నం అలాగే మోగింది, వేసి చూస్తే ఎనభై దాటిన ఒక పెద్దాయన ఇంటి నుంచి వెళ్లి తిరిగి రాలేదని, ఎత్తు ఇంత, నీలం జాకెట్, బూడిదరంగు టోపీ, కనపడితే చెప్పమని. మేం కిటికీలోంచి కింద బస్‌స్టాప్ వైపు చూస్తూ కూర్చున్నాం. రాత్రి ఎనిమిదింటికి ఇంకో మెసేజ్ వచ్చింది, ప్రజలు చెప్పిన ఆచూకీతో ఆయన క్షేమంగా దొరికారని.