షవర్ పంపు: కొనే ఖర్చు కన్నా నడిపే ఖర్చు చూడండి

ప్రశ్న: మాది సొంత ఇల్లు, నలుగురం ఉంటాం. పై అంతస్తు బాత్‌రూమ్‌లో షవర్ నుంచి నీళ్లు సన్నగా వస్తున్నాయి. ఇల్లంతటికీ ప్రెషర్ పంపు పెట్టించమని ప్లంబర్ అంటున్నాడు. పంపు, పైపులు, కూలీ అన్నీ కలిపితే నా జీతంలో సగం పైనే. ఈఎంఐలో తీసుకోవాలా, అత్యవసర నిధిలోంచి తీయాలా?

జవాబు: ఇప్పటికిప్పుడు రెండూ వద్దు. ముందు ఒక పది లీటర్ల బకెట్ తీసుకుని షవర్ కింద పెట్టి, నిండడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో చూడండి. తర్వాత షవర్ హెడ్‌ను మర తిప్పి ఊడదీసి, ఉత్త పైపు నుంచి వచ్చే నీళ్లతో మళ్లీ నింపండి. హెడ్ ఉన్నప్పుడు రెండు నిమిషాలు పట్టి, తీసేశాక నిమిషంలోపే నిండిందనుకోండి, లోపం ప్రెషర్‌లో లేదు, హెడ్‌లో ఉంది. ఉప్పు నీళ్లకు రంధ్రాలు పూడుకుపోతాయి. వెనిగర్‌లో కొన్ని గంటలు నానబెట్టి బ్రష్‌తో రుద్దితే చాలావరకు తెరుచుకుంటాయి. పెద్ద పళ్లెం లాంటి రెయిన్ షవర్ బిగించి ఉంటే, తక్కువ ప్రెషర్‌కు పనికొచ్చే చిన్న హెడ్ మార్చి చూడండి. ట్యాంకు దగ్గర గేట్ వాల్వు పూర్తిగా తెరిచి ఉందో లేదో కూడా చూసుకోండి.

హెడ్ తీసినా ధార సన్నగానే ఉంటే, కింది అంతస్తులో బాగానే వస్తుంటే, అప్పుడు ట్యాంకు ఎత్తు చాలడం లేదని అర్థం. నీటి మట్టం షవర్ కన్నా 10 మీటర్ల ఎత్తున ఉంటే సుమారు 1 బార్ ప్రెషర్ వస్తుంది. పై అంతస్తు షవర్‌కు, మేడ మీది ట్యాంకుకు మధ్య 3 మీటర్లే ఉంటే దక్కేది 0.3 బార్. అది కూడా పైపులో రాపిడికి కొంత పోతుంది. అలాంటి చోట పంపు అవసరమే. కానీ ఇబ్బంది ఒక్క బాత్‌రూమ్‌లో ఉంటే ఇల్లంతటికీ ఎందుకు? ట్యాంకు నుంచి ఆ బాత్‌రూమ్‌కు దిగే లైను మీద చిన్న పంపు చాలు. గీజర్‌కు, చన్నీళ్లకు లైను చీలకముందే దాన్ని బిగించాలి. చన్నీళ్ల లైనుకే పెడితే మిక్సర్‌లో వేడినీళ్లు వెనక్కి నెట్టుకుపోతాయి.

ఇక మీరు అడగని విషయం, నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది. పంపు తినే కరెంటు గురించి బెంగ పడకండి. 250 వాట్ల పంపు రోజుకు 40 నిమిషాలు నడిస్తే నెలకు 5 యూనిట్లే. అసలు ఖర్చు వేడినీళ్లది. ఇప్పుడు నిమిషానికి 6 లీటర్లు వస్తున్న షవర్ పంపు పెట్టాక 10 లీటర్లు ఇచ్చిందనుకుందాం. నలుగురూ పదేసి నిమిషాలు స్నానం చేస్తే రోజుకు 160 లీటర్లు అదనం. వాటిని 15 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు 2.8 యూనిట్లు కావాలి. నెలకు 84! పంపు కొన్న రోజు ఎవరూ మీకు ఈ లెక్క చెప్పరు. ఆపైన, ఇప్పుడున్న గీజర్ చాలక, నడి స్నానంలో నీళ్లు చల్లబడితే పెద్ద గీజర్ కొనాలనిపిస్తుంది. అందుకే నిమిషానికి 8 లీటర్ల దగ్గర ఆపుకునే హెడ్ ఎంచుకోండి. అదనపు భారం సగానికి తగ్గుతుంది, స్నానమూ హాయిగానే ఉంటుంది.

డబ్బు విషయానికొస్తే, అత్యవసర నిధి ఉద్యోగం పోయినప్పటికి, జబ్బు చేసినప్పటికి. సన్నటి షవర్ ఆ కోవలోకి రాదు. మూడు నాలుగు నెలలు కొంత కొంత పక్కన పెట్టి నగదుతో కొనండి. వడ్డీ లేని ఈఎంఐ అని ఊరించినా ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, నగదుకైతే ధర తగ్గుతుందేమో అడగండి. పంపు ధరలో కనీసం పావు వంతు విడిగా ఉంచుకోండి. గోడలోని పాత పైపులు, జాయింట్లు ఇన్నాళ్లూ తక్కువ ప్రెషర్‌కు అలవాటు పడ్డాయి. పంపు నడవగానే ఎక్కడో ఒకచోట చెమ్మ పట్టవచ్చు. టైల్స్ పగలగొట్టాల్సి వస్తే పంపు కన్నా అదే బరువవుతుంది. గీజర్ ప్లేటు మీద రాసి ఉన్న ప్రెషర్‌ను (0.8 ఎంపీఏ అంటే 8 బార్) పంపు గరిష్ఠ ప్రెషర్ దాటకూడదు.

ప్లంబర్‌ను పంపు, పైపులు, ఫిట్టింగులు, కూలీ విడివిడిగా రాసిమ్మనండి. కరెంటు పోయినా నీళ్లు వచ్చేలా ఎన్‌ఆర్‌వీతో (నీళ్లను ఒకే దిశలో పోనిచ్చే వాల్వు) పంపును తప్పించి వెళ్లే బైపాస్ లైను, రిపేరుకు ఊడదీయడానికి పంపుకు రెండు వైపులా యూనియన్లు (మర తిప్పి విడదీసే జాయింట్లు), ట్యాంకు ఖాళీ అయితే ఆగిపోయే డ్రై రన్ రక్షణ ఆ చీటీలో ఉండాలి. ఎర్తింగ్ సరిగా లేనిదే ప్లగ్ పెట్టనివ్వకండి. వీధి నల్లా లైనుకు మాత్రం నేరుగా తగిలించొద్దు. అది చాలా చోట్ల నిషేధం, పక్కింటి నీళ్లు లాక్కోవడం కూడా.

కూలీ మొత్తం ఒకేసారి ఇవ్వకండి. ప్రెషర్ స్విచ్ (పైపులో ప్రెషర్ పడిపోగానే పంపును ఆన్ చేసేది) ఉన్న పంపైతే ఆ రాత్రి కుళాయిలన్నీ కట్టేసి వినండి. ఎవరూ నీళ్లు వాడకుండానే పంపు మళ్లీ మళ్లీ ఆన్ అవుతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. అది సరిచేశాకే మిగతా డబ్బు ఇవ్వండి.