బాపు చదివిన భాగవతం నాకెందుకు ఎక్కడం లేదు?

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 46 ఏండ్లు. బడిల లెక్కల టీచర్ను. ఆరు నెలల కింద మా బాపు కాలం చేసిండు. ఆయన రోజూ చదువుకున్న పోతన భాగవతం నా దగ్గరికి వచ్చింది. సంవత్సరీకం లోపల మొత్తం చదువుతనని మొక్కుకున్న. పొద్దుగాల తానం చేసి, దేవుని ముందట కూసొని అరగంటల ముప్పై పద్యాలు చదువుత. ఎనిమిదో స్కంధంల సగం దాకా వచ్చిన. బడికి పోయేసరికి ఒక్క ముక్క యాదికుండది. 'పేజీలు లెక్కవెట్టుడే గని చదువుడేడున్నది' అంటడు మా ఆయన. బాపు చదువుతుంటే కండ్లల్ల నీళ్లు తిరిగేటియి. నాకేమో ఏమనిపిస్తలేదు. నాకు భక్తి లేదా? అసలు దేవుడున్నడా అని కూడా ఒక్కోసారి అనిపిస్తది. ఊర్ల తమ్ముని దగ్గరున్న మా అవ్వకు కూడా ఈ మాట చెప్పలేదు.

జవాబు: అమ్మా, మీరు చివరన రాసిన మాటతోనే మొదలుపెడతాను. ఎనిమిదో స్కంధం సగం దాకా వచ్చారంటే గజేంద్ర మోక్షం దాటారు. మొసలి కాలు పట్టిన ఏనుగు వెయ్యేండ్లు పోరాడి, ఒంట్లో బలం ఉడిగి, దేవుణ్ని తలుచుకోవడం మొదలుపెడుతుంది. తలుస్తూ తలుస్తూనే ఒక చోట సందేహంలో పడుతుంది. దీనుల పక్కన ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు, 'కలఁడు కలం డనెడివాఁడు కలఁడో లేఁడో' అనుకుంటుంది. కన్నతల్లికి కూడా చెప్పలేకపోయానన్న మాటను పోతన ఏనుగు నోట పలికించాడు. మీరు రోజూ దేవుడి ముందు తెరిచే పుస్తకంలోనే అది ఉంది. 'లావొక్కింతయు లేదు' అన్న మొర వచ్చేది కూడా ఈ సందేహం తర్వాతే. కాబట్టి అనుమానం వచ్చినంత మాత్రాన భక్తి లేదని మీ మీద మీరే తీర్పు చెప్పుకోకండి.

నాకు బాధ కలిగించింది ఇంకొకటి. ఆ పద్యం ఓ పొద్దున మీ ముందుకు వచ్చింది, నిమిషంలో వెళ్లిపోయింది. మీరు లెక్కల టీచరు, మీకు నేను చెప్పాలా? భాగవతంలో పద్యాలూ గద్యాలూ కలిపి దాదాపు 9,000. ఏడాదిలో ముగించాలంటే రోజుకు పాతిక దాకా చదవాలి. బడి ఉన్న రోజు, వంటింట్లో కుక్కరు కూస్తుండగా, ఒక్కో పద్యానికి నిమిషం చొప్పున చదివితే పద్యం కాదు గదా దాని ఛాయ కూడా నిలవదు. లోపం మీ మనసుది కాదు. మొక్కుకు పెట్టుకున్న గడువుది.

ఆ మొక్కును ఏం చేయాలంటారా? పోతన భాగవతమని మనం పిలిచే పుస్తకమే ఒక్క చేతి మీదుగా పూర్తి కాలేదు. అయిదో స్కంధం గంగన రాశాడు, ఆరోది సింగన, పదకొండూ పన్నెండూ వెలిగందల నారయ. పోతన రాసినంత రాశాడు, మిగతాది వేరేవాళ్లు పూర్తి చేశారు. మీరూ సంవత్సరీకం నాటికి చదివినంత చదవండి. మిగిలింది ఆ తర్వాత మీరే చదువుకోవచ్చు, మీ తమ్ముడు అందుకోవచ్చు, మీ పిల్లలూ అందుకోవచ్చు. దేవుడి ముందు దీపం పెట్టి ఆ మాట పైకి చెప్పి గడువు విడిచిపెట్టండి. చెప్పకుండా మానేస్తే తప్పు చేశానన్న బెంగ మీ వెంట తిరుగుతుంది.

ఇక రేపటి నుంచి. శుక మహర్షి నోట భాగవతం విన్న రాజు పరీక్షిత్తును గుర్తు తెచ్చుకోండి. ఆయనకు మిగిలింది ఏడు రోజులు. మనలో ఎవరికీ లేనంత తొందర ఆయనకు ఉండాలి. అయినా శుకుణ్ని ఆపి ఆపి ప్రశ్నలు అడుగుతాడు. గజేంద్రుడి కథ మొదలయ్యేదే ఆయన ప్రశ్నతో: 'నీరాట వనాటములకుఁ బోరాటం బెట్లు గలిగె' అని. నీళ్లలో తిరిగేదానికీ అడవిలో తిరిగేదానికీ పోట్లాట ఎట్లా వచ్చింది? నాకైతే ఇది మన ఇండ్లలో వేసుకోవాల్సిన ప్రశ్నలా వినిపిస్తుంది. తన దారిన తాను బతికే మనిషి, సంబంధం లేని గొడవలో కాలు ఇరుక్కుని ఏండ్ల తరబడి గుంజుకుంటూ ఉండటం మనం చూడలేదా? ఇట్లా మీకు మీరుగా ఒక ప్రశ్న అడిగితే తప్ప పద్యం మీతో మాట్లాడదు.

రోజుకు ఒక్క పద్యం చాలు. అర్థం తెలియకపోయినా ముందు గొంతెత్తి రెండుసార్లు చదవండి. 'నీరాట' పద్యంలో ఆ 'రాట' ప్రతి పాదంలోనూ వచ్చి చెవిని తడుతుంది. కళ్లతో పరుగెత్తితే ఆ దరువు దొరకదు. తర్వాత మాట మాట విడదీసుకుని, తాత్పర్యం చూసి, మళ్లీ పద్యం దగ్గరికే రండి. పద్యం చదవకుండా తాత్పర్యంతో సరిపెట్టుకోవద్దు. పొడుగాటి సమాసాల గద్యం వచ్చిన రోజు మాత్రం తాత్పర్యం చదివి ముందుకు సాగండి, ఏమీ పాపం లేదు. నోటుపుస్తకంలో మీ ప్రశ్న ఒక్కటే రాసుకోండి, జవాబు రాయొద్దు. బియ్యం కడిగేటప్పుడో, బస్సు కోసం నిలబడ్డప్పుడో ఆ పద్యం పైకి అనుకోండి. ఒక పాదం మరిచిపోతే సాయంత్రం ఇంటికి వచ్చి పుస్తకం తెరుస్తారు చూడండి, ఆ తెరవడంలో ఉన్న ఆకలి వేరు.

మీ ఆయన మాట పుల్లవిరుపుగా అన్నా, అందులో నిజం లేకపోలేదు. వాదించకండి. రాత్రి అన్నాలయ్యాక ఆ రోజు పద్యం ఒక్కసారి వినమనండి, బాగుందా అని అడగొద్దు. పోతనది బమ్మెర అని చెబుతారు గదా, పాలకుర్తి దగ్గర, మనకు దూరమేం కాదు. సెలవు రోజున ఇద్దరూ ఒకసారి వెళ్లిరండి.

కన్నీళ్లు రాలేదన్న దిగులు గురించి. బాపు ఎన్నో ఏండ్లు చదివి ఉంటారు, మీరు ఆరు నెలలు. పైగా మీరు పుస్తకంలో కథ కన్నా బాపునే ఎక్కువ వెతుక్కుంటున్నారేమో అనిపించింది నాకు. అది సహజం. దుఃఖం కొందరిలో ఏడుపుగా రాదు, మొద్దుబారినట్టు ఉంటుంది. నిద్ర, ఆకలి కూడా తప్పాయని మీరు రాయలేదు. అదే జరుగుతుంటే భక్తి లోపమని సరిపెట్టుకోక డాక్టర్ను కలవండి, లేదా 14416కు ఫోన్ చేయండి. అది మనసు బాగోలేనప్పుడు మాట్లాడేందుకు ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం, టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

వచ్చే ఆదివారం ఊరికి వెళ్లండి, పుస్తకం వెంట తీసుకెళ్లండి. బాపు చదువుతుంటే ఏండ్ల తరబడి పక్క గదిలోంచో పొయ్యి దగ్గర నుంచో విన్నది మీ అవ్వే. ఆమెకు అక్షరాలు వచ్చినా రాకున్నా చాలా పద్యాలు చెవిలో ఉండి ఉంటాయి. ఏ పద్యం దగ్గర బాపు గొంతు ఆగేదో ఆమెను అడగండి. సోమవారం పొద్దున అదే చదవండి.